వడియాలకు కాపలా

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మా బాబాయికి గట్టి నమ్మకం. రిటైరైన లెక్కల మాస్టారు. ఒకసారి రుజువైన సూత్రాన్ని మళ్లీ తిరగేసి చూడడు. 2023లో శివరాత్రి ఫిబ్రవరి 18న వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఇంట్లో దుప్పట్లన్నీ మడతపెట్టి, కలరా ఉండలు వేసి, అటకెక్కించేశాడు. అటక మీది కూలర్ దింపి గడ్డి మార్పించాడు. చలికి మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు. తెల్లారుజామున నూజివీడు వీధుల్లో ఎదుటి మనిషి కనిపించనంత మంచు. బాబాయి పిన్ని పాత చీర రెండు మడతలు వేసి కప్పుకుని, "ఇది చలి కాదురా, ఈదురుగాలి" అనేవాడు.

అసలు గొడవ ఉగాది ముందు వారంలో వచ్చింది. ఆ రోజుల్లో మా ఊళ్లో అందరూ ఆకాశం వంకే చూస్తారు. మామిడి తోటలున్నవాళ్లకు పూత నిలుస్తుందా, తేనెమంచు పురుగు పడుతుందా, గాలికి పిందె రాలుతుందా అని టెన్షన్. తోటల్లేనివాళ్లకు వడియాల టెన్షన్. పిన్ని ఈ రెండో పార్టీ.

గురువారం మంచు విడిపోగానే ఎండ ఫెళ్లున కాసింది. పిన్ని సగ్గుబియ్యం ఉడికించి, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు నూరి కలిపి, మేడ మీద బాబాయి పాత పంచె తడిపి పరిచి, గరిటెతో వరసగా వడియాలు పెట్టింది. కాపలా డ్యూటీ బాబాయికి పడింది. గొడుగు కింద కుర్చీ వేసుకుని, పేపర్ విప్పి, వచ్చిన ప్రతి కాకినీ క్లాసులో పిల్లల్ని అదిలించినట్టు అదిలించాడు. భోజనం వేళ దాటాక కునుకు పట్టింది. కాకులు అంతవరకూ మర్యాదగానే ఆగాయి.

మధ్యాహ్నం టీవీలో వికారాబాద్ జిల్లా చూపించారు. వడగళ్లు పడి నేలంతా తెల్లగా ఉంది. పిన్ని కింది నుంచే కేకేసింది.

"ఏవండీ, వడియాలు తీసేద్దామా?"

"వికారాబాద్ ఎక్కడ, నూజివీడు ఎక్కడ? మధ్యలో మూడొందల పైచిలుకు కిలోమీటర్లు! మబ్బు గంటకు ఎంత దూరం నడుస్తుందో లెక్క కట్టి చెబుతా ఉండు."

పేపర్ అంచు మీద నిజంగానే లెక్క మొదలుపెట్టాడు. పొడిగాలికి బంగాళాఖాతం మీంచి వచ్చే తేమగాలి ఎదురైన చోట మబ్బు అక్కడికక్కడే పుడుతుంది గానీ, వికారాబాద్‌లో రైలెక్కి రాదు కదా. రెండో మెట్టు పూర్తికాకముందే ఆ పేపర్ మీద చినుకు పడింది.

పంచె నాలుగు కొసలూ నలుగురం పట్టుకున్నాం. మెట్ల మలుపు దగ్గర బాబాయి, "ముందువాళ్లు ఎత్తండి, వెనకవాళ్లు దించండి, సమతలం చెడకూడదు" అని పాఠం చెబుతుండగా పంచె మధ్యకు కుంగింది. ఎక్కడివక్కడ ఉండాల్సిన వడియాలన్నీ మధ్యలో ఒకటైపోయాయి. పిన్ని ఏమీ అనలేదు. మాకందరికీ భయం వేసింది అందుకే.

హాల్లో చాప వేసి, ముద్దను విడదీసి మళ్లీ పరిచాం. ఫ్యాన్ గాలి చాలదని బాబాయి కూలర్ లాక్కొచ్చి, నీళ్లు నింపి, ఫుల్ స్పీడులో వడియాల మీదికి తిప్పాడు. మోటారు ఆపితే వట్టి ఫ్యానులానైనా పనికొచ్చేది. "మోటారు లేకపోతే అది కూలరెలా అవుతుంది?" అన్నాడు. బయట వాన, లోపల కూలర్. నీటిని ఆవిరి చేసి చల్లబరిచే యంత్రం, తేమ నిండిన గాలిలో ఇంకెక్కడ ఆవిరి చేస్తుంది? గోడలు చెమర్చాయి. అప్పడాల డబ్బా మూత తీస్తే అప్పడాలు కూడా మెత్తబడ్డాయి. తెల్లారి చూస్తే వడియాలు పొయ్యి మీంచి దింపినప్పటి కన్నా పచ్చిగా ఉన్నాయి.

శుక్రవారం ఎండ, వెనకే మబ్బు. శనివారం మబ్బు, వెనకే ఎండ. వడియాలు మేడెక్కుతూనే ఉన్నాయి, దిగుతూనే ఉన్నాయి. ఆదివారానికి వాసన మొదలైంది. బాబాయి పక్కింటి మాస్టారుతో పేకాటకు వెళ్లిన సమయం చూసి, పిన్ని మొత్తం పంచెను కుడితి తొట్టి దగ్గరికి తీసుకెళ్లి దులిపేసింది. పక్కవీధి గేదె కూడా ఒకసారి వాసన చూసి ఆలోచించింది.

ఆ రాత్రి గాలికి పిందెలు కుప్పలుగా రాలాయి. తోటలవాళ్ల ముఖాలు చూడలేకపోయాం. మా పెరట్లో వేపపువ్వు కూడా రాలింది. పచ్చడికి చెట్టెక్కే పని తప్పింది.

బుధవారం ఉగాది. విస్తట్లో పులిహోర, పప్పు, పక్కన తెల్లగా పువ్వుల్లా విచ్చుకున్న వడియాలు. బజారు నుంచి వచ్చిన ప్యాకెట్ కవరు బియ్యం డబ్బా వెనక నలిగి ఉండడం నేను చూశాను. బాబాయి ఒకటి కరకరా నమిలి, కళ్లు మూసుకుని తల పంకించాడు.

"చూశావా? నీడ పట్టున, కూలర్ గాలికి ఆరింది కాబట్టే ఇంత గుల్లగా వచ్చింది. వచ్చే ఏడాది మేడ ఎక్కే పనే లేదు."

పిన్ని నా వంక ఒక చూపు చూసింది.

"ఇంకో నాలుగు వేయించమంటారా?" అని ఆయన్ని అడిగింది.