అసలు కంటే నకలే నయం

హైదరాబాద్‌లో పేరున్న ప్రైవేటు బడుల్లో ఏటా రెండు మూడు రోజుల పాటు ప్రపంచ సమస్యలన్నీ పరిష్కారమవుతున్నాయన్న సంగతి మన విదేశాంగ శాఖకు ఇంకా చేరినట్టు లేదు. ఐక్యరాజ్యసమితికి నకలుగా, పిల్లలే ఒక్కో దేశపు ప్రతినిధులై నడిపే మోడల్ యునైటెడ్ నేషన్స్, పిల్లల వాడుకలో ‘మన్’, అనే ఈ సభల్లో తొమ్మిదో తరగతి విద్యార్థులు కోటూ టై బిగించి, దేశం పేరు రాసిన ప్లకార్డు ఎత్తి, తొంభై సెకన్లలో మానవాళి తరఫున మాట్లాడి కూర్చుంటారు. ఐక్యరాజ్యసమితి విద్యా, సాంస్కృతిక విభాగమైన యునెస్కో పేరిట కూర్చునే కమిటీ అయితే విద్య, సంస్కృతి, ఆన్‌లైన్ సమాచారం అనే మూడు కొరకరాని కొయ్యలనూ ఆదివారం సాయంత్రంలోగా తేల్చేస్తుంది. దీన్ని పిల్లల ఆటగా కొట్టిపారేసే పెద్దలున్నారు. ఈ మధ్య అలాంటి ఒక సభను వెనక వరుసలో కూర్చుని ఆసాంతం చూసిన వాడిగా నేను వారితో ఏకీభవించలేను.

ముందు విద్య. జాతీయాదాయంలో 6 శాతం చదువుకు ఖర్చు పెట్టాలని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది. 1968, 1986, 2020 నాటి జాతీయ విద్యా విధానాలు ఆ అంకెను భక్తిశ్రద్ధలతో తిరగరాశాయి. 2015లో యునెస్కో పిలుపుపై దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో చేరిన దేశాలు 4 నుంచి 6 అంటూ కాస్త బేరానికి దిగాయి. మన పిల్లలు మాత్రం ఆ 6 శాతాన్ని టీ విరామానికి ముందే, ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా ఆమోదించారు. ఆర్థిక శాఖ వారెవరూ గదిలో లేకపోవడం ఇందుకు కొంత తోడ్పడి ఉండవచ్చు. ఆ తర్వాత బంగ్లాదేశ్ ప్రతినిధి లేచి, 1952లో ఢాకాలో భాష కోసం ప్రాణాలిచ్చిన విద్యార్థులను తలచుకుని, ఫిబ్రవరి 21ని మాతృభాషా దినంగా యునెస్కో 1999లో ప్రకటించిన వైనం వివరించి, అమ్మ భాషలో చదువు ప్రతి బిడ్డ జన్మహక్కని నిర్దుష్టమైన ఇంగ్లీషులో గర్జించింది. ఆవరణలో తెలుగు వినబడితే డైరీలో రాసి ఇంటికి పంపే ఆ బడి యాజమాన్యమే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

సంస్కృతి దగ్గర సభ వేడెక్కింది. సరిహద్దులోని ప్రీహ్ విహియర్ ఆలయం కంబోడియాదేనని అంతర్జాతీయ న్యాయస్థానం 1962లో తీర్పు చెప్పినా, 2008లో అది ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాక థాయిలాండ్, కంబోడియా సైన్యాలు ఆ గుడి చుట్టూనే కాల్పులకు దిగాయి. కూకట్‌పల్లి నుంచి ఒకే బస్సులో వచ్చే ఇద్దరు కుర్రాళ్ల వంతుకు సరిగ్గా ఈ రెండు దేశాలే వచ్చాయి. పదకొండింటికి పటాల మీద మొదలైన వాదన పన్నెండున్నరకు పూర్వీకుల దాకా వెళ్లింది. భోజనాల వేళ థాయిలాండ్ తల్లి కట్టి పంపిన పులిహోరను, రోజూ అందులో సగం తినే కంబోడియా, సార్వభౌమత్వ కారణాల రీత్యా ముట్టలేదు. ఫిన్లాండ్ మధ్యవర్తిత్వానికి వచ్చి, ఆ సగం తానే తినేసి, శాంతి నెలకొల్పింది. రష్యా వీటో ప్రయోగించబోతే యునెస్కోలో వీటో ఉండదని సభ నడిపే చెయిర్ ఓపికగా చెప్పాల్సి వచ్చింది. 2021లో ఇదే జాబితాలో చేరిన మన రామప్ప గుడి ఊసు ఎవరూ ఎత్తలేదు, ఎందుకంటే భారత ప్రతినిధి సమయమంతా తాజ్‌మహల్ దగ్గరే అయిపోయింది.

ఇక ఆన్‌లైన్‌లో తప్పుడు సమాచారం. తమ దేశ వైఖరి చెబుతూ ముందుగా సమర్పించిన పొజిషన్ పేపర్లలో బ్రెజిల్, నార్వే, ఉగాండా మూడూ ఒకే వాక్యంతో మొదలయ్యాయి. మూడు ఖండాల మధ్య ఇంతటి ఏకాభిప్రాయం దౌత్య చరిత్రలోనే అరుదు. ముగ్గురూ కృత్రిమ మేధ నైతికతపై 2021లో యునెస్కో ఆమోదించిన సిఫార్సును ఘనంగా ఉటంకించారు. ఉగాండా పేపరు అడుగున ‘దీన్ని ఇంకా కుదించి ఇవ్వమంటారా?’ అని చాట్‌జీపీటీ అడిగిన ప్రశ్న కూడా జాతీయ వైఖరిలో భాగంగా అలాగే ఉండిపోయింది. ఇంటర్నెట్ నిలిపివేతలను ఖండించే క్లాజు వచ్చినప్పుడు మాత్రం, 2021లో రాజస్థాన్‌లో ఉపాధ్యాయ అర్హత పరీక్ష కోసం జిల్లాలకు జిల్లాలే నెట్ ఆపేసిన దేశపు ప్రతినిధి చురుగ్గా లేచి, ‘ఖండిస్తోంది’ కొట్టేయించి ‘గమనిస్తోంది’ అని పెట్టించింది. ఆ అమ్మాయికి దౌత్యంలో భవిష్యత్తు ఉంది.

అయితే నకలు అసలును పూర్తిగా మించిపోయింది అమెరికా విషయంలోనే. అసలు అమెరికా 1984లో యునెస్కోను వదిలి, 2003లో తిరిగొచ్చి, పాలస్తీనాకు సభ్యత్వం ఇచ్చారన్న కోపంతో 2011లో చందా ఆపి, 2018 ఆఖరున మళ్లీ బయటికి నడిచి, 60 కోట్ల డాలర్లు దాటిన బకాయి తీరుస్తానంటూ 2023లో లోపలికొచ్చి, 2025లో మూడోసారి వెళ్లిపోతున్నట్టు ప్రకటించింది. మన అమెరికా కూడా తన సవరణ వీగిపోగానే ప్లకార్డు బోర్లించి బయటికి నడిచింది. కానీ కట్టిన రిజిస్ట్రేషన్ ఫీజు వెనక్కి రాదనీ, సర్టిఫికెట్ ముగింపు సభలోనే ఇస్తారనీ, అది లేకపోతే రేపు అమెరికా విశ్వవిద్యాలయాలకు పెట్టే దరఖాస్తులో ఒక గడి ఖాళీగా ఉంటుందనీ వాళ్ల నాన్న ఫోన్‌లో నచ్చజెప్పడంతో, ఆ అగ్రరాజ్యం అయిదు నిమిషాల్లో వచ్చి కూర్చుని తీర్మానానికి అనుకూలంగా ఓటేసింది. చందా ముందే కట్టించుకుని, సర్టిఫికెట్ ఆఖర్న ఇచ్చి, ప్రతి సభ్య దేశం నాన్నగారి ఫోన్ నంబరు ఫైల్లో ఉంచుకునే ఈ పద్ధతిని పారిస్‌లోని ప్రధాన కార్యాలయం తక్షణం పరిశీలించాలని మనవి.