డాక్టర్‌ను తిరుపతికి దింపితే చాలదు సామీ

మనూరి పిల్లోళ్లు బ్రిటిష్ టీవీ సీరియల్ ‘డాక్టర్ హూ’లో కాలంలో తిరిగే డాక్టర్‌ను తిరుపతికి తెచ్చి కామిక్ కథలు రాస్తా ఉండారు. సంతోషం. కానీ అన్నీ ఒకే తీరు: గోపురం పక్కన ఆయన కాలయంత్రం, టార్డిస్ అనే నీలం పెట్టె, దిగుతుంది, చివర్లో డాక్టర్ కుప్పకూలి ఏడుస్తాడు. ఎందుకబ్బా? ఆ పాత్ర 1963 నుంచి బీబీసీది. అద్దెకు తెచ్చిన షామియానాను చించి వాపసిస్తారా?

మారాల్సింది ఆయన కాదు, ఆయనకు ఎదురైన మనిషి. తిరుపతి దగ్గర గాదంకిలో, వాతావరణాన్ని పరిశీలించే రాడార్ కేంద్రంలో రాత్రి డ్యూటీ చేసే అమ్మాయికి, ఆ రాడార్ పనిచేసే 53 మెగాహెర్ట్జ్ దగ్గర రాకూడని ప్రతిధ్వని ఒకటి వచ్చిందనుకోండి. పైవాళ్లకు చెప్పాలా, వద్దా? కథంతా ఆ తకరారులోనే ఉంది. డాక్టర్ వచ్చి దాన్ని ఇంకా ముదరబెడతాడు, అంతే.

పాత్రకున్న లోపాలనూ వాడుకోరు. తాళాలు తీయడానికి ఆయన వాడే పరికరం, సోనిక్ స్క్రూడ్రైవర్, కొయ్య మీద పనిచెయ్యదు. శేషాచలంలో ఎర్రచందనం దుంగల నడుమ ఆయన్ని ఇరికిస్తే ఎట్లుంటుంది! అది వదిలేసి డాక్టర్ శత్రువులైన డాలెక్‌లను దింపుతారు. వాటి హక్కుల్లో సృష్టికర్త టెర్రీ నేషన్ వారసులకూ వాటా ఉంది. 1965లో ‘టీవీ సెంచరీ 21’ పత్రికలో డాలెక్‌ల కామిక్ డాక్టర్ లేకుండానే నడిచింది. ముచ్చటకు రాసుకుంటే సరే, అమ్మాలంటే మాత్రం అనుమతి కావాల్సిందే.

ఇక పేజీ సంగతి. పేజీకి 5, 6 గళ్లు, గడికి ఒకే పని. ‘తలుపు తీసి, లోపలికొచ్చి, టార్చి వేసింది’ అని రాస్తే బొమ్మలేసేవాడు ఏది గీయాల? గడియ మీద చెయ్యి చూపించండి, చాలు. గుట్టు బయటపడే బొమ్మ ఎడమ పేజీలో, అంటే సరిసంఖ్య పేజీలో ఉండాలి. కుడివైపు పెడితే పక్క పేజీ చదువుతుండగానే కంట్లో పడిపోతుంది.

అందరూ తప్పేది మాటల బుడగ దగ్గరే. ఇంగ్లీషులో బుడగకు సుమారు 25 మాటలంటారు. అదే లెక్క మనకు పెడితే బొమ్మ మునిగిపోతుంది. మన మాటలు పొడుగు, పైన గుడులు, కింద ఒత్తులు. వరుసల మధ్య జాగా తగ్గించారా, ‘స్త్రీ’ కింది ఒత్తులు కింది వరుస గుడిని గుద్దుతాయి. 12 మాటల దగ్గర ఆపండి. ఎక్కువైతే రెండు బుడగలు చేసి కలపండి, డాక్టర్ గుక్క తిప్పుకోని మాటతీరుకు అదే సరిపోతుంది.

ఆయన నోట గ్రాంథికం ఒకటి! టార్డిస్ డాక్టర్ మాటలను ఎవరి భాషలో వాళ్లకు వినిపిస్తుంది కదా, మరి ఆ గాదంకి అమ్మాయికి చిత్తూరు యాస కాక ఇంకేం వినబడతాది? ‘ఏమ్మా, ఆ మిషను ఆపొద్దు, అది మాట్లాడతా ఉండాది.’ ఏడే మాటలు, బుడగలో ఇంకా జాగా మిగులుతుంది.