కావలిలో కూర్చుని గురజాడను చదివిన మనిషి

కేవీఆర్, అంటే కె.వి. రమణారెడ్డి అనగానే మన నెల్లూరులో వెంటనే వినిపించేవి రెండే మాటలు: విరసం (విప్లవ రచయితల సంఘం), జైలు. 1970లో విరసం పెట్టినవాళ్లలో ఆయనొకరు, నిర్బంధాలూ చూశారు. అందరికీ తెలిసిన సంగతే. నా గొడవ వేరు. కవి కె.వి. రమణారెడ్డిని సభల్లో తలుచుకుంటూ, విమర్శకుడైన రమణారెడ్డిని అటకెక్కించేశాం. నన్నడిగితే ఆయన కవిత్వం కంటే విమర్శే పదికాలాలు నిలుస్తుంది.

1969లో వచ్చిన 'మహోదయం' చూడండి. జాతీయ పునరుజ్జీవనంలో గురజాడ స్థానమేమిటన్నది అందులో ప్రశ్న. గురజాడను పొగడటం ఎవరికైనా సులువే. ఆయన ఆ కాలంలో, ఆ విజయనగరంలోనే ఎందుకు తయారయ్యాడని అడగటమే కష్టం. 'కన్యాశుల్కం' ముందుమాటలో ఒక లెక్క ఉంటుంది. విశాఖ జిల్లాలో మూడేళ్లలో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లు 1034. అందులో ఏడాది పిల్లలు ముగ్గురు! గిరీశం డైలాగులకు నవ్వుకునే మనం ఆ పేజీ తిప్పేస్తాం. నాటకాన్ని ఆ లెక్కతో కలిపి చదవటం నాకు నేర్పింది కేవీఆరే.

ఆయన రాజకీయం విమర్శను మింగేసిందనేవాళ్లు ఉన్నారు. కొన్నిచోట్ల తీర్పు ముందే రాసిపెట్టుకున్నట్టు ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ అదే మనిషి కవి దువ్వూరి రామిరెడ్డి మీద 'కవికోకిల' ఎందుకు రాసినట్టు? ఫార్సీ నేర్చుకుని ఖయ్యాం రుబాయీలను 'పానశాల'గా తెలుగు చేసిన ఆ పెమ్మారెడ్డిపాలెం రైతు రామిరెడ్డి ఏ పార్టీ మనిషి?

ఇంతకీ ఇదంతా చేసింది ఏ యూనివర్సిటీ ప్రొఫెసరో కాదు. కావలి జవహర్ భారతిలో పాఠాలు చెప్పుకున్న లెక్చరర్. చిన్న ఊరి డిగ్రీ కాలేజీ నుంచి అలాంటి పుస్తకం రావటం అప్పట్లో వింత కాదు. ఇప్పుడు లెక్చరర్ రాసేది ప్రమోషన్ పాయింట్ల కోసం. ఐఎస్ఎస్ఎన్ నంబరున్న పత్రిక, నాలుగు పేజీల పేపరు, దానికో సర్టిఫికెట్. ఒకే పుస్తకం మీద ఏళ్లకేళ్లు కూర్చునేవాడు ఈ లెక్కల్లో ఫెయిలే.

మొన్న ఒక తెలుగు లెక్చరర్ కలిశాడు. తెలివైన కుర్రాడు. 'మహోదయం' చదివావా అంటే నవ్వాడు. "దానికి పాయింట్లేం రావు కద సార్."

నా కాపీ ఇస్తాను, ఆదివారం ఇంటికి రమ్మన్నాను. ఆదివారం సెమినార్ ఉందట.