ప్యానెల్ నిజరూప దర్శనం

సింహాద్రి అప్పన్న ఏడాది పొడవునా చందనం పూతలోనే ఉంటాడు. అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపం. విశాఖలో ఆ వైభవం ఇంకెవరికీ లేదనుకున్నాను. పొరబాటు. సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఒక బడిలో, ఏడో తరగతి గదిలో, మెరూన్ రంగు మఖమల్ గుడ్డ కప్పుకుని మరో మూలవిరాట్టు వెలిసింది. గుడ్డ మీద దసరా నాటి కుంకుమబొట్టు కూడా ఉంది. ఎవరో పెద్దాయన పటమనుకుని చేతులు జోడించబోతుంటే, ‘ప్యానెల్ అండీ’ అన్నారు మాస్టారు.

2023లో రాష్ట్రంలోని ప్రభుత్వ బడులకు ఈ పెద్ద తాకుతెరలు వచ్చాయి. వేలితో రాయవచ్చు, బొమ్మను సాగదీయవచ్చు, అర్థం కానిచోట పాఠాన్ని ఆపి వెనక్కి తిప్పవచ్చు. అయితే ఉప్పుగాలి, సుద్దపొడి, పిల్లల వేళ్లు ఈ మూర్తికి పడవు. అందుకని తాకుతెరను తాకరాదన్నదే ఇక్కడ మొదటి పాఠం.

పూర్వ విద్యార్థినన్న మర్యాదకు నన్ను పిలిచిన రోజే తనిఖీ అధికారి రాక. అంటే దర్శన దినం! గుడ్డ తొలగింది. పాఠం సముద్ర పవనాలు. కిటికీల్లోంచి వెలుగు పడితే ఫోటోలో తెర తెల్లగా వస్తుందని సముద్రం వైపు కిటికీలన్నీ మూశారు. వీడియోలో మాటలు వినబడవని ఫ్యాన్లు ఆపారు. నలభై మందికి పైగా పిల్లలు చెమటలు కక్కుతూ చేతులు కట్టుకున్నారు. ‘పగటిపూట నీటి కన్నా నేల త్వరగా వేడెక్కుతుంది. దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది. అప్పుడు సముద్రం మీది నుంచి చల్లని...’ అని తెర ఆగిపోయింది. మధ్యలో చక్రం తిరుగుతోంది. అధికారి చక్రాన్ని చూస్తున్నారు, మాస్టారు అధికారిని చూస్తున్నారు. ఇంతలో వెనక బల్ల కుర్రాడొకడు ఉండబట్టలేక కిటికీ రెక్కను మోచేత్తో నెట్టాడు. మిగిలిన పాఠం గదిలోకి రివ్వున వచ్చింది! మఖమల్ గుడ్డ ఎగిరింది, పిల్లలంతా ఒక్కసారిగా ‘హమ్మయ్య’ అన్నారు.

‘కిటికీ మూయరా వెధవా, ఫోటో పాడవుతోంది!’

మాస్టారిని అని లాభం లేదు. 2022 ఆగస్టు నుంచి ఆయన హాజరు ఆయన ముఖానిది కాదు, ఫోనులో ఆయన ముఖం ఫోటోది. ఫోటో ఉంటే ఆయన ఉన్నట్టు. ఇక పాఠానికి మాత్రం వేరే సాక్ష్యం ఎందుకు?

నవ్వుకుంటూ వచ్చేసేవాడినే. చివరి బల్ల మీది పాపను చూడకపోతే. నల్లబల్ల కనబడక రోజూ పక్క అమ్మాయి నోటుపుస్తకంలోంచి ఎక్కించుకుంటుందట. అక్షరాన్ని అరచేయంత చేసి చూపే యంత్రం ఆ గదిలోనే ఉంది. దానివల్ల అందరికన్నా ముందు బాగుపడవలసిన పిల్లను చివరి బల్లకు పంపారు. ఎందుకయ్యా అంటే, యూనిఫాం వెలిసిపోయిందట, ముందు వరసలో బాగుండదట! ఎవరి డబ్బుతో కొన్నారు ఆ తెరను? ఎవరి కోసం కొన్నారు? ఒక్క పూట, ఒకే ఒక్క పూట, ఆ పిల్లను దాని ముందు నిలబెట్టి ‘చదువమ్మా’ అన్నవాళ్లున్నారా? సిగ్గులేకపోతే సరి!

గూగుల్ 15 బిలియన్ డాలర్లతో ఏఐ కేంద్రాన్ని మన విశాఖలోనే పెడతానని 2025 అక్టోబరులో ప్రకటించింది. సంతోషం. నేను బయటికి వచ్చేసరికి మాస్టారు మేడ మీద ఫోను పైకెత్తి, సిగ్నల్ కోసం సముద్రం వైపు తిరిగి నిలబడి ఉన్నారు. ఫోటో ఇంకా ఎక్కలేదు. కింద తరగతిలో అటెండరు గుడ్డ కప్పి, బొట్టు సరిగ్గా మధ్యకు వచ్చిందో లేదో చూసుకుంటున్నాడు.