మిలిటరీ నుంచి రాగానే ఉద్యోగం చేతిలో పెడతారా?

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. క్లుప్తంగా అందులో ఉన్నది ఇదీ: "మిలిటరీ వాళ్లకేం తక్కువ? 35 ఏళ్లకే పెన్షన్. దిగిన మర్నాడే కోటాలో గవర్నమెంటు ఉద్యోగం, పరీక్ష పేరుకే. డిగ్రీ కూడా అక్కర్లేదు. ఇన్ని ఉన్నా ఏటీఎం దగ్గర గార్డుగా కూర్చున్నాడంటే చేతకానివాడే. మీ అబ్బాయిని అగ్నివీర్‌కి పంపండి, నాలుగేళ్లలో లైఫ్ సెట్." నేనూ ఆర్మీలో చేసి వచ్చినవాణ్నే. ఇప్పుడు కొత్తగా రిటైరై వచ్చేవాళ్లకి అప్లికేషన్లు నింపిపెడుతుంటాను కాబట్టి ఒక్కొక్కటే చూద్దాం.

పెన్షన్ సంగతి. సిపాయికి 15 ఏళ్ల సర్వీసు నిండితే వస్తుంది, నిజమే. కానీ అది చివరి జీతంలో సగం. అందులోనూ సగం దాకా కమ్యూట్ చేసుకోవచ్చు, అంటే ముందే ఒకేసారి పెద్ద మొత్తంగా తీసేసుకోవచ్చు కాబట్టి ఇల్లు కట్టడానికో అప్పు తీర్చడానికో చాలామంది చేసేస్తారు, ఇక 15 ఏళ్ల పాటు ఆ మేరకు నెలనెలా కోతే. పిల్లలు ఇంటర్‌కి వచ్చే వయసులో ఆ మిగిలిన డబ్బుతో కాలుమీద కాలేసుకుని కూర్చోవచ్చనేవాళ్లు ఒకసారి కార్పొరేట్ కాలేజీ ఫీజు కనుక్కుని మాట్లాడాలి.

కోటా గురించే అసలు గందరగోళం. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి (క్లర్కు లాంటి) పోస్టుల్లో మాజీ సైనికులకి 10 శాతం, ప్రభుత్వ బ్యాంకుల్లో, ప్రభుత్వ రంగ సంస్థల్లో గ్రూప్ సికి 14.5 శాతం. ఆ 14.5లో 4.5 శాతం, సర్వీసులో వికలాంగులైనవాళ్లకి, యుద్ధంలో చనిపోయినవాళ్ల కుటుంబసభ్యులకి. కాగితం మీద ఘనంగానే ఉంది కదా? కానీ కోటా అంటే సీటు పక్కన పెట్టడం, పిలిచి ఇవ్వడం కాదు. అదే ప్రశ్నపత్రం, అదే టైము. పదిహేడేళ్లు సియాచిన్ నుంచి జోధ్‌పూర్ దాకా తిరిగిన మనిషి, నంద్యాలలో ఏడాదిపాటు బ్యాంక్ కోచింగ్ తీసుకున్న కుర్రాడు రాసే పేపరే రాయాలి. కటాఫ్ తక్కువ ఉంటుంది, అది ఒప్పుకోవాల్సిందే. అయినా కనీస మార్కులు దాటాలి కదా, అవి దాటేవాళ్లు సరిపడా లేకే ఈ కోటాలో సీట్లు మిగిలిపోతుంటాయి.

వయసు గురించీ జనానికి సరిగ్గా తెలీదు. అసలు వయసులోంచి సర్వీసు తీసేయగా మిగిలింది, ఆ పోస్టుకున్న వయోపరిమితి కంటే 3 ఏళ్లకి మించి ఎక్కువ ఉండకూడదు, అంతే. అంటే 40 ఏళ్లవాడికి 18 ఏళ్ల సర్వీసుంటే లెక్కలో 22. ఇంకో మెలిక ఉంది, దీనివల్లే ఎంతోమంది నష్టపోతున్నారు: కోటాలో ఒక ప్రభుత్వ ఉద్యోగంలో చేరితే మళ్లీ ఆ కోటా వాడుకోవడానికి లేదు. చేరకముందే వేరే పోస్టులకి అప్లై చేసి ఉంటే, చేరిన వెంటనే వాటి తేదీలతో సహా డిక్లరేషన్ ఇచ్చినవాడికే ఆ రెండో అవకాశం మిగులుతుంది. ఆ కాగితం ఇవ్వాలని చెప్పే నాథుడుండడు.

డిగ్రీ అక్కర్లేదన్నది సగం నిజం. పది పాసై 15 ఏళ్ల సర్వీసుంటే, డిగ్రీ అడిగే కేంద్ర గ్రూప్ సి పోస్టులకి, అవి టెక్నికల్ కాకపోతే, అర్హత ఉన్నట్టు లెక్క. అంతకుమించి ఏం లేదు.

ఇక ఆ "చేతకానివాడు" అన్న మాట. స్టోర్‌కీపర్ టెక్నికల్‌గా (ఎస్‌కేటీ) చేసిన హవల్దార్‌నే తీసుకోండి. యూనిట్‌లోని ప్రతి స్పేర్ పార్టుకీ లెడ్జర్ రాసి, ఏటేటా ఆడిట్‌కి లెక్క అప్పజెప్పి వచ్చినవాడు. రెజ్యూమెలో మాత్రం "హవల్దార్, ఎస్‌కేటీ, క్యారెక్టర్ ఎగ్జెంప్లరీ" అని రాసుకుంటాడు. అవతల కూర్చున్న హెచ్‌ఆర్ అమ్మాయికి ఎస్‌కేటీ అంటే ఏం అర్థమవుతుంది? పటాన్‌చెరులో గోడౌన్ ఇన్‌చార్జ్‌గా తీసుకోవాల్సిన మనిషిని గేటు దగ్గర నిలబెడతారు. అలాగే నేవీలో ఇంజిన్ రూమ్‌లో ఎన్నేళ్లు చేసినా, విశాఖలో మర్చంట్ షిప్పు ఎక్కాలంటే డీజీ షిప్పింగ్ (వాణిజ్య నౌకల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం) సర్టిఫికేట్లు కావాల్సిందే. పనొచ్చు, కాగితమే లేదు. పైగా ఇంటికి దగ్గర్లో ఏ పరీక్షా లేకుండా దొరికేది గార్డు పనే, అందులో సిగ్గుపడాల్సిందేముంది? కాకపోతే రీసెటిల్‌మెంట్ డైరెక్టరేట్ (మాజీ సైనికులకి ఉపాధి చూపే రక్షణ శాఖ విభాగం) తన జాబితాలో చేర్చుకున్న సెక్యూరిటీ ఏజెన్సీ ద్వారా ప్రభుత్వ సంస్థలో చేరితే కేంద్ర కనీస వేతనాల లెక్కన ఇవ్వాలి. వీధి చివర ఏజెన్సీలో 12 గంటల డ్యూటీ చేయించుకుని ఎంతిస్తారో చేరినవాడికే తెలుసు.

అగ్నివీర్ లైఫ్ సెట్ అన్నది మాత్రం మోసం చేసే మాట. నాలుగేళ్ల తర్వాత ఉంచుకునేది 25 శాతం దాకా. మిగతావాళ్లకి పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడి హోదా లేదు. హోదా లేదంటే పైన చెప్పిన 10, 14.5 శాతం కోటాలూ వర్తించవు. చివర్లో ఒకేసారి చేతికొచ్చే సేవానిధి సుమారు 11.71 లక్షలు, అందులో వాడి జీతంలోంచి కోసుకున్న డబ్బూ ఉంది. కేంద్ర సాయుధ బలగాల్లో, అస్సాం రైఫిల్స్‌లో వీళ్లకంటూ 2022లోనే వేరే 10 శాతం ప్రకటించారు, దానికీ పోటీపడాల్సిందే. వెళ్లాలనుకునే కుర్రాణ్ని ఆపమనడం లేదు. నాలుగేళ్లూ జీతం, మంచి ఒడ్డూపొడుగూ వస్తాయి, ఆ తర్వాత ఏం చదువుతావని మాత్రం చేరేముందే అడగండి.

సర్వీసు ముగియడానికి ఏడాది లోపు ఉన్నవాళ్లు యూనిట్ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని ఇప్పటినుంచే కోటాలో అప్లై చేయొచ్చు. బయట ఉద్యోగానికి పనికొచ్చేలా నేర్పే రీసెటిల్‌మెంట్ కోర్సులకి కూడా డిశ్చార్జ్ కాకముందే పేరివ్వండి. వచ్చాక చేయాల్సిన మొదటి పని, డిశ్చార్జ్ బుక్కు, పీపీవో (పెన్షన్ మంజూరు పత్రం) పట్టుకెళ్లి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉద్యోగం కోసం పేరు రాయించుకోవడం. ఐడీ కార్డు తీసుకుని వచ్చేస్తే సరిపోదు, ఉద్యోగానికి రిజిస్ట్రేషన్ విడిగా అడిగి చేయించుకోవాలి.