కమిటీ మాట నిలబెట్టిన జట్టు

అన్యాయం జరిగిందని గగ్గోలు పెట్టేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. అన్యాయం చేసినవాళ్ళు అన్న మాట నిజమేనని నిరూపించడానికి ఏడాదంతా ఒళ్ళు హూనం చేసుకునేవాళ్ళు మాత్రం ఎక్కడో గానీ ఉండరు. అమెరికాలో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు 2024లో ఆ పని చేసింది. దాన్ని అందరూ ఓటమి అంటున్నారు. నేను త్యాగం అంటున్నాను.

(ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట. ఆ పేరెందుకు పెట్టారన్నది వేరే రోజు మాట్లాడుకుందాం.)

2023లో ఈ జట్టు తన కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే యూనివర్సిటీల కూటమి) టైటిల్‌తో కలిపి 13 మ్యాచ్‌లు ఆడి 13 గెలిచింది. నవంబర్‌లో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడు, జోర్డాన్ ట్రావిస్ కాలు విరిగింది. అయినా ఆట ఆగలేదు. టైటిల్ మ్యాచ్‌కి వచ్చేసరికి రెండో వాడూ దెబ్బ తిని కూర్చుంటే, మూడో నంబర్ కుర్రాణ్ణి దించి లూయివిల్‌ను 16-6తో ఓడించారు. మర్నాడు, డిసెంబర్ 3న, జట్లను ఎంచే 13 మంది కమిటీ కూర్చుని, జాతీయ చాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్‌కి ఉన్న నాలుగు సీట్లు పంచింది: మిషిగన్, వాషింగ్టన్, టెక్సాస్, అలబామా. చివరి ఇద్దరూ అప్పటికే తలో మ్యాచ్ ఓడినవాళ్ళు. ఎంసెట్ కౌన్సెలింగ్‌కి వెళ్తే, "ర్యాంకు బాగానే ఉందండీ, కానీ మీవాడికి మొన్న జ్వరమొచ్చిందట కదా, ముందు ముందు ఎలా చదువుతాడో ఏమో" అని సీటు పక్కింటి అబ్బాయికి రాసిచ్చినట్టుంది వ్యవహారం.

క్వార్టర్‌బ్యాక్ లేని జట్టు పాత జట్టు కాదన్నది కమిటీ వాదన. నా కాలేదో సీజన్ మొదట్లోనే విరిగి ఉంటే జట్టంటే నేనొక్కణ్ణే కాదని మీకు తెలిసేది కదా, అని వాపోయాడు ట్రావిస్. పాపం, ఈ మొత్తం కథలో వ్యంగ్యానికి లొంగని మాట అదొక్కటే.

పెద్దలు మాత్రం ఊరుకోలేదు. దావా వేయాల్సి వస్తే ఖర్చులకని రాష్ట్ర బడ్జెట్‌లో 10 లక్షల డాలర్లు పెడతానన్నాడు గవర్నర్ డిసాంటిస్. రోడ్ల గుంతలు, వరదలు, తుపాన్లు ఎప్పుడూ ఉండేవే. సీటు పోవడం రోజూ జరుగుతుందా? యూనివర్సిటీ ఏకంగా తానున్న అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ మీదే డిసెంబర్ 22న కోర్టుకెక్కింది. ఈ ఇల్లు మా స్థాయికి ఇరుకు, బయటికి పోదామంటే 57 కోట్ల డాలర్లు కట్టాల్సి వస్తోంది, ఇదెక్కడి న్యాయం అని. ఆ తర్వాత ఎనిమిది రోజులకు ఆరెంజ్ బౌల్ అనే సీజన్ చివరి మ్యాచ్‌లో జార్జియా చేతిలో 63-3తో ఓడారు. అలిగి చాలామంది ఆటగాళ్ళు దిగనేలేదు కాబట్టి ఆ మ్యాచ్ లెక్కలోకి రాదన్నారు అభిమానులు. సరే, తీసేద్దాం.

జనవరిలో అలబామా కోచ్ రిటైరయ్యాడు. ఆ కుర్చీకి మన కోచ్ మైక్ నోర్వెల్ పేరు వినిపించగానే ఫ్లోరిడా స్టేట్ పెద్దల గుండె గుభేలుమంది. సీటు పట్టుకుపోయినవాళ్ళు కోచ్‌నీ పట్టుకుపోతే ఏం మిగుల్తుంది? ఏడాదికి కోటి డాలర్లకు పైనే ఇస్తాం, 2031 దాకా ఉండమని రాసిచ్చేశారు. ఇక టెన్షన్ లేదు.

2024 ఆగస్టులో దేశంలో పదో ర్యాంకు జట్టుగా ఐర్లండ్ వెళ్ళారు. డబ్లిన్‌లో జార్జియా టెక్ ఆఖరి క్షణంలో బంతిని కర్రల మధ్యకి తన్ని 24-21తో గెలిచింది. ఇంటికొచ్చి బోస్టన్ కాలేజీతో ఓడారు. తర్వాత మెంఫిస్. పెద్ద యూనివర్సిటీలు డబ్బిచ్చి చిన్న జట్లను ఇంటికి పిలిచి నాలుగు తగిలించి పంపడం అక్కడ ఆనవాయితీ. మెంఫిస్ వాళ్ళు 13 లక్షల డాలర్లు తీసుకుని, 20-12తో ఓడించి, భోంచేసి వెళ్ళారు. అంతకుముందు 22 సార్లు ఆడి ఒక్కసారీ గెలవని డ్యూక్ కూడా గెలిచింది. 22 సార్లు ఓడినవాణ్ణి ఒక్కసారి నవ్వించడం కంటే పుణ్యం ఏముంటుంది?

నోటర్‌డామ్ 52-3తో చితక్కొట్టిన మర్నాడు యాజమాన్యానికి కోపమొచ్చింది. ముగ్గురు అసిస్టెంట్ కోచ్‌లు ఇంటికి. అత్త మీద కోపం దుత్త మీద చూపారని అనకండి. ఇది లెక్కల వ్యవహారం. అత్తను, అంటే నోర్వెల్‌ను, పంపాలంటే 6 కోట్ల డాలర్లకు పైనే చెల్లించాలి. దుత్తలు బాగా చవక. అత్తగారూ మంచి మనిషే, మరుసటి ఏడాది జీతంలో 45 లక్షల డాలర్లు జట్టు నిధికే వదులుకున్నాడు.

మొత్తం 12 మ్యాచ్‌ల్లో రెండు గెలుపులు, అందులో ఒకటి చార్ల్‌స్టన్ సదరన్ అనే చిన్న కాలేజీ మీద. కాన్ఫరెన్స్‌లో ఎనిమిదికి ఒకటి. 17 జట్లలో 17వ స్థానం. మా స్థాయికి ఇరుకన్న ఇంట్లో పడుకోవడానికి గడప దగ్గర చోటు దొరికింది. కమిటీ ఒకటి రెండు మ్యాచ్‌లు చూసి శంకిస్తే, వీళ్ళు సీజన్ మొత్తం పెట్టి రుజువు చేశారు. ఏ సాక్షి ఇంత శ్రద్ధగా అవతలి పక్షానికి సాక్ష్యం చెప్పాడు?

అక్కడో పాత ఆచారం ఉంది. 1962 నుంచీ, బయటి ఊళ్ళలో పెద్ద విజయం సాధిస్తే ఆ మైదానం నుంచి గడ్డి చెక్కుకొచ్చి యూనివర్సిటీ ఉన్న ఊరు టాలహాసీలో పాతిపెడతారు. పైన సమాధి రాయిలా ఒక ఫలకం. ఊరు, స్కోరు అన్నీ ఉంటాయి. 2024లో సొంతూరు దాటి ఒక్కటీ గెలవలేదు కాబట్టి గడ్డి పరక కూడా రాలేదు. పలుగూ పారా విశ్రాంతి తీసుకున్నాయి. డబ్లిన్‌లో గెలిచి ఉన్నా, ఐర్లండ్ మట్టిని ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళు ఎలాగూ రానిచ్చేవారు కాదు.