కప్పు కొట్టినా జట్టుకు భరోసా లేదు

2025 మార్చి 23, మినియాపొలిస్‌లోని రిడ్డర్ అరీనా. అమెరికా కాలేజీ మహిళల ఐస్ హాకీ ఫైనల్ ముగియడానికి ఇంకా 19 సెకన్లు కూడా లేవు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ 3-2తో ముందుంది. వెనకబడిన విస్కాన్సిన్ యూనివర్సిటీ జట్టు అంతకుముందు ఆ సీజన్‌లో 40 మ్యాచ్‌లు ఆడి ఒకే ఒక్కటి ఓడిపోయింది. గోల్ ముందు తోపులాటలో ఒహాయో స్టేట్ అమ్మాయి ఒకరు పక్‌ను, అంటే ఆడే రబ్బరు బిళ్లను, చేత్తో కప్పేసిందని విస్కాన్సిన్ కోచ్ మార్క్ జాన్సన్ రివ్యూ కోరారు. గోల్‌ను కాపాడే గోలీ తప్ప ఇంకెవరూ అక్కడ అలా చేయకూడదు. రిఫరీలు వీడియో చూసి పెనాల్టీ షాట్ ఇచ్చారు. కిర్‌స్టెన్ సిమ్స్ ఒంటరిగా పక్ తీసుకుని వెళ్లి గోల్ చేసింది. గడియారంలో మిగిలింది 18.9 సెకన్లు. ఓవర్‌టైమ్ మొదలై మూడు నిమిషాలైనా కాకముందే మళ్లీ ఆమే గోల్ కొట్టింది. 4-3తో కప్పు విస్కాన్సిన్‌ది.

ఆ సీజన్ గురించి ఎవరు చెప్పినా ఈ 18.9 సెకన్ల దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. అంత టెన్షన్ ఉన్న మ్యాచ్ కాబట్టి అది సహజమే. కానీ ఆ జట్టు గురించి నిజంగా తెలుసుకోవాల్సింది ఆ చివరి నిమిషంలో లేదని నేను అనుకుంటున్నాను. ఆ షాట్‌ను గోలీ ఆపేసి ఉంటే 38 విజయాలు, 1 ఓటమి, 2 డ్రాలు అన్న లెక్క 37, 2, 2 అయ్యేది. అంతకుమించి ఆ అమ్మాయిల ఆటలో తేడా ఏమీ ఉండేది కాదు. ఏడాది తర్వాత ఏడాది ఫైనల్‌ దాకా వచ్చే జట్టును ఒక కాలేజీ ఎలా నిలబెట్టగలుగుతోంది? ఇంకో కాలేజీ అంతే మంచి జట్టును ఒక్క రోజులో ఎలా మూసేయగలుగుతోంది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉంది, అది రింక్ మీద, అంటే మంచు మైదానం మీద, లేదు.

ముందు ఆ సీజన్ ఎంత పెద్దదో చూద్దాం. కాలేజీ మహిళల హాకీలో అత్యుత్తమ క్రీడాకారిణికి ఏటా పాటీ కజ్‌మయర్ అవార్డు ఇస్తారు. 2025లో చివరి రౌండుకు మిగిలిన ముగ్గురూ విస్కాన్సిన్ అమ్మాయిలే. కేసీ ఓబ్రయన్, లైలా ఎడ్వర్డ్స్, కారొలైన్ హార్వీ. ముగ్గురూ ఒకే కాలేజీ వాళ్లు కావడం అదే మొదటిసారి. 88 పాయింట్లు, అంటే గోల్స్, గోల్‌కు అందించిన పాస్‌లు కలిపి, సాధించిన ఓబ్రయన్‌కు అవార్డు దక్కింది. అమెరికా జాతీయ జట్టుకు ఏళ్ల తరబడి వెన్నెముకగా ఉన్న హిలరీ నైట్ పేరిట ఉన్న విస్కాన్సిన్ పాయింట్ల రికార్డునూ ఆమె దాటేసింది. ఎడ్వర్డ్స్ 35 గోల్స్‌తో దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. ఒహాయోలోని క్లీవ్‌లాండ్ హైట్స్ నుంచి వచ్చిన ఈ అమ్మాయి 2023లో అమెరికా సీనియర్ మహిళల జట్టుకు ఆడిన మొదటి నల్లజాతి క్రీడాకారిణి. సెమీఫైనల్‌లో మినెసోటాను ఆ జట్టు సొంత రింక్ మీదే 6-2తో ఓడించారు. రిడ్డర్ అరీనా మినెసోటా వాళ్ల ఇల్లు.

స్టార్లు ముగ్గురు నలుగురు ఉంటే ఈ ఆటలో సరిపోదు. మంచు మీద ఒకసారికి గోలీతో కలిపి ఆరుగురే ఉంటారు. కానీ పూర్తి వేగంతో స్కేటింగ్ చేస్తూ ఎవరూ నిమిషానికి మించి నిలవలేరు. అందుకే ముప్పావు నిమిషానికోసారి బెంచ్ మీది వాళ్లు దిగుతూ, ఆడినవాళ్లు ఎక్కుతూ ఉంటారు. 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు అలా సాగాలంటే ఇరవై మంది గట్టి ప్లేయర్లు కావాలి. అంతమందికి స్కాలర్‌షిప్‌లు, నిలువెత్తు రక్షణ సామాగ్రి, రోజూ ప్రాక్టీసుకు మంచు, చలికాలమంతా ప్రయాణాలు. టికెట్ల డబ్బుతో ఈ ఖర్చు వెళ్లదీసుకునే మహిళల కాలేజీ జట్టు చాలా అరుదు. ఎవరో ఒకరు భరించాలి, అదీ ప్రతి ఏడాదీ.

విస్కాన్సిన్ భరించింది. ఆ కథలో కప్పులు వచ్చిన ఏళ్ల కంటే రాని ఏళ్లే నాకు ముఖ్యమనిపిస్తాయి. మార్క్ జాన్సన్ 2002లో జట్టు బాధ్యత తీసుకున్నారు. 1980 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో కాలేజీ కుర్రాళ్ల అమెరికా జట్టు సోవియట్ యూనియన్‌ను ఓడించినప్పుడు రెండు గోల్స్ కొట్టింది ఈయనే. అంత పేరున్న మనిషి మహిళల జట్టుకు వచ్చి రెండు దశాబ్దాలకు పైగా అక్కడే ఉండిపోయారు. 2006, 2007, 2009, 2011లో కప్పులు. ఆ తర్వాత ఏడు సీజన్లు ఒక్కటీ లేదు. 2012 ఫైనల్‌లో మినెసోటా చేతిలో 4-2తో, 2017 ఫైనల్‌లో క్లార్క్‌సన్ చేతిలో 3-0తో ఓడిపోయారు. చేతికందిన కప్పు జారిపోతున్న ఆ ఏళ్లలో కాలేజీ ఏం చేసింది? 2012లో 2,273 సీట్లతో లబాన్ అరీనా తెరిచి మహిళల జట్టుకు సొంత ఇల్లు ఇచ్చింది. 2017 జనవరిలో ఒక మ్యాచ్‌ను పెద్దదైన కోల్ సెంటర్‌కు మార్చితే 15,359 మంది వచ్చారు. కోచ్‌ను మార్చలేదు, ఖర్చు తగ్గించలేదు. 2019, 2021, 2023, 2025 కప్పులు ఆ ఓపికకు దక్కిన ఫలితాలు. ఓబ్రయన్, ఎడ్వర్డ్స్, హార్వీ, సిమ్స్ లాంటి వాళ్లు విస్కాన్సిన్ యూనివర్సిటీ ఉన్న మాడిసన్ వైపు చూడటానికి కారణం ఎవరి అదృష్టమో కాదు, ఆ పదేళ్లలో అక్కడ ఏర్పడిన నమ్మకం.

ఇప్పుడు అదే 2017కు, అదే లీగ్‌లోని ఇంకో కాలేజీకి వెళ్దాం. విస్కాన్సిన్ ఆడే డబ్ల్యూసీహెచ్‌ఏ లీగ్‌లోనే నార్త్ డకోటా యూనివర్సిటీ మహిళలూ ఆడేవారు. విస్కాన్సిన్ ఫైనల్ ఓడిపోయిన పది రోజులకు, మార్చి 29న, నార్త్ డకోటా తన మహిళల హాకీ జట్టును రద్దు చేసింది. రాష్ట్ర ప్రభుత్వ నిధులు తగ్గాయి, బడ్జెట్ కోయాలి అన్నారు. స్విమ్మింగ్ జట్లు కూడా పోయాయి. ముందు ఏడాదే జాతీయ కప్పు గెలిచిన మగవాళ్ల హాకీ జట్టును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఆ నిర్ణయానికి సరిగ్గా ఒక రోజు ముందు అమెరికా మహిళల జాతీయ జట్టు సరైన జీతాలు, సౌకర్యాల కోసం ప్రపంచ చాంపియన్‌షిప్‌ను బహిష్కరిస్తామని పోరాడి ఒప్పందం సాధించుకుంది. ఆ పోరాటంలో ముందున్న కవలలు జోస్లిన్, మోనిక్ లామోరో నార్త్ డకోటా జట్టులో ఎదిగినవాళ్లే. మరుసటి ఏడాది ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్ ఫైనల్‌లో కెనడాపై మోనిక్ స్కోరు సమం చేసింది, షూటౌట్‌లో జోస్లిన్ కొట్టిన గోల్‌తో అమెరికాకు ఇరవై ఏళ్ల తర్వాత స్వర్ణం వచ్చింది. వాళ్లను తీర్చిదిద్దిన జట్టు అప్పటికే లేదు. ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నా నాకు కోపం వస్తుంది.

ఇది ఒక్క చోట జరిగిన తప్పు కూడా కాదు. పిట్స్‌బర్గ్ దగ్గర రాబర్ట్ మోరిస్ యూనివర్సిటీ మహిళల జట్టు 2021 మార్చిలో తన లీగ్ కప్పు గెలిచి జాతీయ టోర్నీ ఆడింది. మే నెలలో ఆ యూనివర్సిటీ మగ, ఆడ హాకీ జట్లు రెండింటినీ మూసేస్తున్నట్టు ప్రకటించింది. పూర్వ విద్యార్థులు, అభిమానులు చందాలు పోగుచేసి పోరాడాక 2023లో మళ్లీ మొదలయ్యాయి. మధ్యలో రెండేళ్లు పోయాయి. ఆ వయసు క్రీడాకారిణికి రెండేళ్లంటే సగం కాలేజీ జీవితం.

అమెరికాలో చట్టం ఉంది కదా అంటారు. ఉంది. 1972లో వచ్చిన టైటిల్ నైన్ ప్రకారం ప్రభుత్వ డబ్బు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడ, మగ తేడా చూపకూడదు. ఆటలకూ అది వర్తిస్తుంది. ఆ చట్టం లేకపోతే ఈ జట్లలో చాలావాటికి పుట్టుకే లేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో వంద మందికి పైగా కుర్రాళ్లను పెట్టుకునే కాలేజీలు అటువైపు లెక్క సరిచేయడానికి అమ్మాయిలకు కొత్త ఆటలు మొదలుపెట్టాల్సి వచ్చింది. విస్కాన్సిన్ మహిళల హాకీ 1999లో మొదలైంది, మహిళలకు జాతీయ టోర్నీ 2001లో వచ్చింది. కానీ ఆ చట్టం చూసేది మొత్తం మీద అవకాశాల నిష్పత్తిని. ఫలానా జట్టును ఉంచి తీరాలని అది చెప్పదు. అందుకే బాగా ఆడుతున్న జట్టునైనా లెక్క కుదిరితే తీసేయవచ్చు. ఆటలో ప్రతిభే జట్టును కాపాడుతుందని మనం నమ్ముతాం. నార్త్ డకోటా, రాబర్ట్ మోరిస్‌లను చూశాక నేను ఆ మాట నమ్మడం మానేశాను. ఖజానా తాళాలున్నవాళ్లు ఏం కావాలనుకుంటున్నారన్నదే తేలుస్తుంది.

ఆ ఖజానాకు ఇప్పుడు కొత్త వాటాదారులు వచ్చారు. గ్రాంట్ హౌస్ అనే ఈతగాడి పేరిట నడిచిన కేసులో 2025 జూన్‌లో అమెరికా కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందం ప్రకారం కాలేజీలు తమ క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు. మొదటి ఏడాది పరిమితి ఒక్కో కాలేజీకి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. పెద్ద కాలేజీలు చాలావరకు అనుకున్న పంపకం ఇది: దాదాపు ముప్పావు వంతు ఫుట్‌బాల్‌కు, ఆ తర్వాత పెద్ద వాటా మగవాళ్ల బాస్కెట్‌బాల్‌కు, కొంత మహిళల బాస్కెట్‌బాల్‌కు, మిగిలిన కొద్దిపాటి మొత్తం మిగతా ఆటలన్నిటికీ కలిపి. ఈ చెల్లింపులకూ టైటిల్ నైన్ వర్తిస్తుందని 2025 జనవరిలో విద్యాశాఖ చెప్పింది. ప్రభుత్వం మారాక ఫిబ్రవరిలో ఆ మాట వెనక్కి తీసుకుంది. గతంలో ఆడినవాళ్లకు ఇదే ఒప్పందం కింద ఇచ్చే పాత బకాయిల పంపకం అన్యాయమని కొందరు క్రీడాకారిణులు పై కోర్టుకు వెళ్లారు కూడా.

క్రీడాకారులకు డబ్బు ఇవ్వడం తప్పని నేను అనను. కోట్లు సంపాదించిపెట్టే కుర్రాళ్లకు దశాబ్దాల పాటు ఏమీ ఇవ్వకపోవడమే అన్యాయం. కానీ ఆ అన్యాయాన్ని సరిచేసే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కూడా అడగాలి కదా. అదే ఒప్పందంలో ఇంకో మార్పు ఉంది, దాన్ని ఎక్కువమంది పట్టించుకోలేదు. ఇదివరకు మహిళల హాకీ జట్టు 18 పూర్తి స్కాలర్‌షిప్‌లకు మించి ఇవ్వకూడదు. ఇప్పుడు ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయి, జట్టులో 26 మందికి మించకూడదన్న నిబంధన వచ్చింది. అంటే స్తోమత ఉన్న కాలేజీ 26 మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు. చూడటానికి అమ్మాయిలకు మేలే. కానీ ఎనిమిది మందికి అదనంగా ఫీజు, వసతి భరించలేని కాలేజీ పరిస్థితి? నిరుడు అక్కడ చేరిన మంచి ప్లేయర్ వచ్చే ఏడాది మాడిసన్‌కో, ఒహాయో స్టేట్ ఉన్న కొలంబస్‌కో వెళ్తుంది. 2023 ఫైనల్‌లో విస్కాన్సిన్ 1-0తో ఒహాయో స్టేట్‌ను ఓడించింది. 2024లో ఒహాయో స్టేట్ అదే 1-0తో బదులు తీర్చుకుంది. 2025 సంగతి చూశాం. మూడేళ్లు వరుసగా అవే రెండు జట్లు. ఈ కొత్త నిబంధన వాటికీ మిగతా జట్లకూ మధ్య దూరాన్ని పెంచుతుందే తప్ప తగ్గించదు.

మన దగ్గర ఐస్ హాకీ అంటే లద్దాఖ్. ఎక్కువగా అక్కడి అమ్మాయిలతోనే తయారైన భారత మహిళల జట్టు 2016లో మొదటి టోర్నీకి తైపీ వెళ్లడానికి ఆన్‌లైన్‌లో చందాలు అడగాల్సి వచ్చింది. 2025లో అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో కాంస్యం గెలిచింది. దాని వెనక కాలేజీ జట్లు లేవు. తెలుగు రాష్ట్రాల్లో మంచు లేకపోవచ్చు కానీ సమస్య మనకు కొత్తేమీ కాదు. పదో తరగతి దాకా కబడ్డీయో వాలీబాలో బాగా ఆడి, ఇంటర్‌లో ఎంట్రన్స్ కోచింగ్ మొదలవగానే మానేసిన అమ్మాయి ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. స్పోర్ట్స్ కోటాలో సీటు దొరుకుతుంది. సీటు దొరికాక రోజూ ఆడించే కోచ్, మ్యాచ్‌లు ఉన్న కాలేజీలు ఎన్ని? సీటు ఇవ్వడంతో బాధ్యత తీరిపోయిందనుకునే పద్ధతికీ, సీటుతోనే బాధ్యత మొదలవుతుందనుకునే పద్ధతికీ మధ్య తేడాయే విస్కాన్సిన్ 38 విజయాల్లో కనిపించేది.

విస్కాన్సిన్ గురించి నాకు పెద్దగా బెంగ లేదు. ఆ కాలేజీకి డబ్బుంది, పేరుంది. 2024 జనవరిలో మొదలైన మహిళల ప్రొఫెషనల్ లీగ్ పీడబ్ల్యూహెచ్ఎల్‌కు అది అమ్మాయిలను పంపుతూనే ఉంటుంది. ఓబ్రయన్ ఇప్పటికే న్యూయార్క్ జట్టులో చేరింది. నా బెంగ అదే లీగ్‌లోని బెమిడ్జి స్టేట్, సెయింట్ క్లౌడ్ స్టేట్, మంకాటోలోని మినెసోటా స్టేట్ గురించి. ఈ ప్రభుత్వ కాలేజీలు మిగతా ఆటలన్నీ రెండో శ్రేణిలో ఆడుతూ, హాకీ ఒక్కటే మొదటి శ్రేణిలో ఆడతాయి. నార్త్ డకోటా పోయాక ఈ లీగ్ ఏడు జట్లతోనే నాలుగేళ్లు నడిచింది. 2021లో సెయింట్ థామస్ వచ్చాకే మళ్లీ ఎనిమిదైంది. విస్కాన్సిన్ ఏటా ఆడే మ్యాచ్‌లలో ఎక్కువ భాగం ఈ లీగ్‌లోవే. ఈ చిన్న కాలేజీల్లో ఒకటి రెండు చేతులెత్తేస్తే విస్కాన్సిన్‌కు ఎంత డబ్బున్నా ఆడటానికి ఎదుటి జట్టు ఉండాలి కదా. అందుకే ఇకపై నేను ముందుగా వెతికేది విస్కాన్సిన్ స్కోర్లను కాదు, ఆ మూడు కాలేజీలు హాకీకి ఎంత కేటాయించాయన్న వార్తను.